లావోస్: పొరుగువారి వాకిలి గుండా లోకంలోకి వచ్చే దేశం

విదేశంలో మంచి ఉద్యోగమని నమ్మించి మన యువకులను ఆగ్నేయాసియాకు తీసుకువెళ్లి, అక్కడ సైబర్ మోసాల కేంద్రాల్లో బలవంతంగా పని చేయించిన వార్తలు కొన్నేళ్లుగా వస్తూనే ఉన్నాయి. వాటిలో కంబోడియా, మయన్మార్‌లతో పాటు లావోస్ పేరు కూడా వినబడుతోంది. 2024 ఆగస్టులో ఆ దేశపు వాయవ్య మూలలో ఉన్న బోకియో ప్రావిన్సు నుండి 47 మంది భారతీయులను మన రాయబార కార్యాలయం విడిపించింది. తెలుగు కుటుంబాలు కూడా ఇలాంటి వలల్లో బిడ్డలను పోగొట్టుకొని, తిరిగి వచ్చేవరకు నిద్ర లేని రాత్రులు గడిపాయి.

ఆ కేంద్రాలు ఉన్న నేలను లావోస్ ప్రభుత్వం 2007లో ఒక విదేశీ కంపెనీకి 99 ఏళ్ల కౌలుకు ఇచ్చింది. ఒక దేశం తన నేలను అంతకాలం వేరొకరి చేతికి ఎందుకు ఇస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే ఆ దేశపు భూగోళాన్ని, ప్రభుత్వాన్ని, ఆర్థిక స్థితిని కలిపి చూడాలి. పాఠకుల కోసం ఆ సంగతులను ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాము.

ఎక్కడుంది, ఎలా ఉంది

లావోస్‌కు ఉత్తరాన చైనా, తూర్పున వియత్నాం, దక్షిణాన కంబోడియా, పడమట థాయిలాండ్, వాయవ్యాన మయన్మార్ ఉన్నాయి. అయిదు దేశాల మధ్య ఉన్న ఈ దేశానికి సముద్రతీరం లేదు. ఇటువంటి వాటిని మన పాఠ్యపుస్తకాల్లో భూపరివేష్టిత దేశాలు అంటారు. ఆగ్నేయాసియా మొత్తంలో అటువంటి దేశం ఇదొక్కటే.

వైశాల్యం సుమారు 2,36,800 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే వచ్చే వైశాల్యం కన్నా కొంచెం తక్కువ. జనాభా మాత్రం దాదాపు 75 లక్షలే. ఒక్క హైదరాబాదు మహానగరంలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. జనం పలుచగా ఉండడానికి కారణం కొండలు. దేశంలో దాదాపు మూడింట రెండు వంతులకు పైగా కొండలూ పీఠభూములే. తూర్పు సరిహద్దు పొడవునా అన్నమైట్ పర్వతాలు గోడలా నిలిచి వియత్నాం తీరానికి అడ్డుపడతాయి. ఎత్తైన శిఖరం ఫూ బియా 2,800 మీటర్లు దాటుతుంది.

పడమటి వైపు మెకాంగ్ నది ప్రవహిస్తుంది. లావోస్ లోపలా సరిహద్దు వెంబడీ కలిపి 1,800 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. వరి పండే మైదానాలు, పెద్ద పట్టణాలు దాని ఒడ్డునే ఉన్నాయి. రాజధాని వియంటియాన్ ఒడ్డున నిలబడితే అవతలి గట్టు థాయిలాండ్. ఇంత పెద్ద నది ఉన్నా దాని మీదుగా ఓడలు సముద్రానికి పోలేవు. కంబోడియా సరిహద్దు దగ్గర ఖోన్ జలపాతాలు దారిని మూసివేశాయి. 19వ శతాబ్దంలో ఫ్రెంచివారు ఈ నదిని చైనాకు పడవ దారిగా మార్చాలని ఎంతో ప్రయత్నించి, అక్కడే ఆగిపోయారు.

కనుక లావోస్‌కు వచ్చే సరుకైనా, అక్కడి నుండి పోయే సరుకైనా పొరుగు దేశపు రోడ్డు, పొరుగు దేశపు రేవు మీద ఆధారపడాలి. ఎక్కువ భాగం థాయిలాండ్ గుండా, కొంత వియత్నాం గుండా నడుస్తుంది. 1975 తరువాత రాజకీయ వైరం వల్ల థాయిలాండ్ సరిహద్దు మూసినప్పుడు లావోస్‌లో నిత్యావసరాలకే కరువు వచ్చింది. ఆస్ట్రేలియా సహాయంతో కట్టిన మొదటి మెకాంగ్ స్నేహ వంతెన 1994లో తెరిచేవరకు థాయిలాండ్ నుండి వియంటియాన్‌కు నది దాటాలంటే పడవలు, బల్లకట్లే గతి.

ప్రజలు, పంటలు

ప్రభుత్వం గుర్తించిన జాతులు 50 ఉన్నాయి. మైదానాల్లో లావో ప్రజలు, కొండల్లో ఖము, మోంగ్ మొదలైన జాతులవారు ఎక్కువ. లావో భాష థాయ్ భాషకు దగ్గరి చుట్టం. పనిచేసేవారిలో సగానికి పైగా ఇంకా వ్యవసాయం మీదే బ్రతుకుతున్నారు. వారి ప్రధాన ఆహారం జిగురు బియ్యం. దానిని ఆవిరి మీద వండి, వెదురు బుట్టలో పెట్టి, చేత్తో ముద్ద చేసుకొని తింటారు. కొండల మీద పోడు వ్యవసాయం ఉంది. దక్షిణాన బొలవెన్ పీఠభూమిలో కాఫీ తోటలున్నాయి. ఇటీవల కాలంలో చైనా, వియత్నాం, థాయిలాండ్ మార్కెట్ల కోసం రబ్బరు, అరటి, కర్రపెండలం విస్తారంగా వేస్తున్నారు. బంగారం, రాగి గనులు, పర్యాటకం మరికొంత ఆదాయం తెస్తాయి.

రాజ్యాంగం ప్రకారం భూమి జాతి ఉమ్మడి ఆస్తి. దానిని నిర్వహించే అధికారం ప్రభుత్వానిది. రైతుకు ఉండేది వాడుకొనే హక్కు. ఈ ఒక్క మాటను జ్ఞాపకముంచుకుంటే తరువాత చెప్పబోయే చాలా విషయాలు అర్థమవుతాయి.

రాజ్యం నుండి ఒకే పార్టీ పాలన దాకా

1353లో ఫా న్గుమ్ అనే రాజు లాన్ జాంగ్ రాజ్యాన్ని స్థాపించాడు. ఆ పేరుకు పది లక్షల ఏనుగులు అని అర్థం. తరువాత అది చీలిపోయి, సయాము రాజుల పెత్తనం క్రిందికి వచ్చి, 1893లో ఫ్రెంచివారి రక్షిత రాజ్యమైంది. 1953లో పూర్తి స్వాతంత్ర్యం వచ్చింది. 1954 జెనీవా ఒప్పందాల అమలును చూడటానికి ఏర్పడిన అంతర్జాతీయ పర్యవేక్షక సంఘానికి లావోస్‌లో అధ్యక్షత వహించినది భారతదేశమే.

రాజు పక్షానికి, పథెట్ లావో అనే కమ్యూనిస్టు పక్షానికి నడిచిన అంతర్యుద్ధం 1975లో ముగిసింది. ఆ సంవత్సరం డిసెంబర్ 2న రాచరికం రద్దయి, లావో ప్రజాస్వామ్య గణతంత్రం ఏర్పడింది. ఆనాటి నుండి లావో ప్రజా విప్లవ పార్టీ ఒక్కటే అధికారంలో ఉంది. చట్టం ఒప్పుకొనే పార్టీ కూడా అదొక్కటే. రాజ్యాంగం 1991లో వచ్చింది.

పైకి చూస్తే అధ్యక్షుడు, ప్రధానమంత్రి, జాతీయ శాసనసభ, 17 ప్రావిన్సులు, రాజధాని ప్రాంతం అన్నీ ఉన్నాయి. అయిదేళ్లకొకసారి ఎన్నికలు కూడా జరుగుతాయి. 2021 ఎన్నికల్లో 164 స్థానాల్లో 158 పార్టీ సభ్యులకే వచ్చాయి. మిగిలిన ఆరుగురు స్వతంత్రులను కూడా ముందుగా పరిశీలించి ఆమోదించిన తరువాతే పోటీకి నిలిపారు. ముఖ్య నిర్ణయాలు అయిదేళ్లకోసారి జరిగే పార్టీ మహాసభలోను, దాని మీద ఉండే పొలిట్‌బ్యూరోలోను జరుగుతాయి. పత్రికలు, రేడియో, టీవీ ప్రభుత్వం అదుపులో నడుస్తాయి.

ప్రశ్నించేవారి పరిస్థితికి ఒక ఉదాహరణ చాలు. గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి, 2005లో రామన్ మెగసెసె అవార్డు పొందిన సొంబత్ సొంఫోన్‌ను 2012 డిసెంబర్ 15 సాయంత్రం వియంటియాన్‌లోని ఒక పోలీసు పోస్టు దగ్గర ఆపారు. తరువాత ఎవరో ఆయనను మరొక వాహనంలో ఎక్కించుకొని వెళ్లిన దృశ్యం సీసీ కెమెరాలో ఉంది. ఆయన ఏమయ్యాడో ఇంతవరకు ఆయన భార్యకు ఎవరూ చెప్పలేదు.

పొలంలో మిగిలిన యుద్ధం

1964 నుండి 1973 వరకు అమెరికా విమానాలు లావోస్ మీద దాదాపు 5,80,000 సార్లు బాంబు దాడులు చేసి, 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. లెక్కలో చూస్తే తొమ్మిదేళ్లపాటు రాత్రింబగళ్లు ఎనిమిది నిమిషాలకొక విమానం చొప్పున అన్నమాట. వియత్నాం యుద్ధానికి సరుకు చేరవేసే హో చి మిన్ దారి తూర్పు లావోస్ గుండా పోవడం ఒక కారణం, ఉత్తరాన పథెట్ లావో స్థావరాలు మరొక కారణం. తలసరిన చూస్తే లోకంలో ఇంతగా బాంబులు పడిన దేశం వేరొకటి లేదు.

వాటిలో గుత్తి బాంబుల లోపలి చిన్న బాంబులే సుమారు 27 కోట్లు. అందులో దాదాపు 8 కోట్లు పేలకుండా మట్టిలో ఉండిపోయాయి. చేతిలో ఇమిడే బంతి అంత ఉంటాయి. పిల్లలు ఆటవస్తువనుకొని పట్టుకుంటారు. రైతు నాగలికి తగిలినా, చలికి పొలంలో మంట వేసినా పేలవచ్చు. యుద్ధం ముగిసిన తరువాతనే 20 వేల మందికి పైగా వీటి వల్ల చనిపోయారు లేక అవయవాలు పోగొట్టుకున్నారు. బాంబులున్న నేలలో కాలువ త్రవ్వాలన్నా, బడి కట్టాలన్నా ముందు ఆ నేలను అంగుళం అంగుళం వెదకాలి. ఆ ఖర్చు పేద దేశానికి మరింత భారం.

గ్రామస్థులు ఆ ఇనుమునూ వాడుకున్నారు. బాంబుల డొల్లలు ఇళ్లకు స్తంభాలయ్యాయి. ఉత్తరాన నపియా అనే ఊరిలో యుద్ధపు అల్యూమినియం కరిగించి చెంచాలు పోసి అమ్ముతారు. 2016లో లావోస్‌కు వచ్చిన మొదటి అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా బాంబుల తొలగింపునకు మూడేళ్లలో 9 కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. గుత్తి బాంబులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన దేశాల మొదటి సమావేశం 2010లో వియంటియాన్‌లోనే జరిగింది.

నది కరెంటు అయింది

1975 తరువాత పెట్టిన సమష్టి వ్యవసాయం విఫలమైంది. 1986లో ప్రభుత్వం కొత్త ఆర్థిక విధానం ప్రవేశపెట్టి మార్కెట్‌కు తలుపులు తెరిచింది. 1997లో ఆసియాన్‌లోను, 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థలోను చేరింది. అయితే సముద్రం లేని, జనాభా తక్కువగా ఉన్న, రోడ్లు లేని దేశం ఏమి అమ్మాలి? కొండలూ, వానలూ, నదులూ ఉన్నాయి కనుక కరెంటు అమ్మాలని నిర్ణయించారు. ఆగ్నేయాసియాకు బ్యాటరీ అవుతామని పాలకులు చెప్పుకున్నారు.

యుద్ధం మధ్యలోనే 1971లో పూర్తయిన నామ్ న్గుమ్ ఆనకట్టతో ఇది మొదలైంది. ప్రపంచ బ్యాంకు అండతో కట్టిన నామ్ థున్ 2 ప్రాజెక్టు 2010లో వ్యాపార ఉత్పత్తి ప్రారంభించింది. దాని సామర్థ్యం 1,000 మెగావాట్లకు పైన, అందులో అత్యధిక భాగం థాయిలాండ్‌కే పోతుంది. దాని జలాశయం వల్ల సుమారు 6,200 మంది ఊళ్లు వదిలి పునరావాస గ్రామాలకు వెళ్లారు. ముఖ్య మెకాంగ్ మీద 1,285 మెగావాట్ల జాయబురి 2019లో పని ప్రారంభించింది. 2022లో లావోస్ కరెంటు థాయిలాండ్, మలేషియాల మీదుగా సింగపూర్ దాకా పోవడం మొదలైంది.

ముంపు గ్రామం అంటే ఏమిటో, నష్టపరిహారం చేతికి వచ్చేసరికి ఎంత మిగులుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. లావోస్‌లో ఆ బాధకు తోడు అడిగేందుకు వేరే పార్టీ లేదు, స్వతంత్ర పత్రిక లేదు. 2018 జూలై 23 రాత్రి దక్షిణాన అత్తపు ప్రావిన్సులో, కట్టడం పూర్తికావస్తున్న జె పియన్ జె నామ్‌నాయ్ ప్రాజెక్టు అనుబంధ ఆనకట్ట తెగిపోయింది. వరదలో ఊళ్లు కొట్టుకుపోయి, 70 మందికి పైగా చనిపోయారు లేక గల్లంతయ్యారు. వేల మంది ఏళ్ల తరబడి తాత్కాలిక శిబిరాల్లో ఉండవలసి వచ్చింది. ఆ కరెంటులో అధిక భాగం కూడా థాయిలాండ్ కోసమే ఉద్దేశించినది.

మరొక వైపు లాభమూ ఉంది. ఇప్పుడు లావోస్‌లో 90 శాతానికి పైగా ఇళ్లకు కరెంటు ఉంది. అయినా ఎండాకాలంలో నదులు తగ్గినప్పుడు, ఎగుమతి చేసే ఈ దేశమే థాయిలాండ్ నుండి కరెంటు కొనుక్కుంటుంది.

రైలు, అప్పు, కిప్

2021 డిసెంబర్ 3న చైనా సరిహద్దులోని బోటెన్ నుండి వియంటియాన్ వరకు 400 కిలోమీటర్లకు పైగా సాగే రైలు మార్గం తెరుచుకుంది. దానికి ముందు దేశమంతటికీ ఉన్న రైలు మార్గం థాయిలాండ్ వంతెన దాటి వచ్చే మూడున్నర కిలోమీటర్లే. కొత్త మార్గంలో 75 సొరంగాలున్నాయి. లువాంగ్ ప్రబాంగ్ నుండి రాజధానికి బస్సులో దినమంతా పట్టే ప్రయాణం రైలులో రెండు గంటలైంది. విద్యార్థులు, రోగులు, చిన్న వ్యాపారులు అందరూ దాన్ని వాడుకుంటున్నారు. పొరుగు దేశాల మధ్య చిక్కుకున్న మనమే వారిని కలిపే దేశమవుతామని ప్రభుత్వం చెప్పిన మాటకు అది సాక్ష్యంగా కనిపించింది.

ఖర్చు మాత్రం సుమారు 600 కోట్ల డాలర్లు. ఆనాటి లావోస్ వార్షిక ఉత్పత్తిలో అది దాదాపు మూడోవంతు. రైలు కంపెనీలో చైనా వాటా 70 శాతం, లావోస్ వాటా 30 శాతం. ఆ వాటా పెట్టడానికి కూడా లావోస్ చైనా దగ్గరే అప్పు చేసింది. ఆనకట్టల అప్పులు అప్పటికే ఉన్నాయి. విద్యుత్ సంస్థ డాలర్లలో కొని, ఇళ్లకు కిప్‌లలో అమ్మి నష్టపోతూ వచ్చింది. 2022 నాటికి ప్రభుత్వ అప్పు దేశ వార్షిక ఉత్పత్తిని మించిపోయింది. బయటి అప్పులో దాదాపు సగం చైనాదే. ఆ ఒత్తిడిలోనే, 2020లో దేశపు ప్రధాన విద్యుత్ ప్రసార లైన్లను నడిపే కంపెనీలో అధిక వాటా చైనా ప్రభుత్వరంగ సంస్థకు ఇచ్చారు.

ఆ తరువాత దెబ్బ సామాన్యుని ఇంటి మీద పడింది. 2021 ఆరంభంలో డాలరుకు 10 వేల కిప్‌ల లోపే ఉండేది. 2024 నాటికి 20 వేలు దాటింది. 2022లో పెట్రోలు బంకుల దగ్గర పొడవైన వరుసలు కట్టారు. 2023 ఫిబ్రవరిలో ధరల పెరుగుదల 41 శాతానికి చేరింది. జీతం అంతే ఉండి బియ్యం, నూనె ధర రెట్టింపయితే ఇంట్లో ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. బడి మానిన పిల్లలు, ఉద్యోగం వదిలిన ఉపాధ్యాయులు మెకాంగ్ దాటి థాయిలాండ్‌లో కూలి పనికి పోయారు. లక్షలాది లావో ప్రజలు ఈనాడు అక్కడే పని చేసి ఇంటికి డబ్బు పంపుతున్నారు.

సరిహద్దులో కౌలుకిచ్చిన నేల

ఇప్పుడు బోకియోకు తిరిగి వద్దాము. లావోస్, థాయిలాండ్, మయన్మార్ కలిసే ఆ మూలను స్వర్ణ త్రికోణం అంటారు. ఒకప్పుడు నల్లమందుకు పేరుపడిన ప్రాంతం. అక్కడ ప్రత్యేక ఆర్థిక మండలి పేరుతో కౌలుకిచ్చిన నేల మీద పెద్ద జూదశాల లేచింది. 2018లో అమెరికా ఆర్థిక శాఖ దాని యజమాని మీద మాదకద్రవ్యాలు, మనుషుల అక్రమ రవాణా ఆరోపణలతో ఆంక్షలు విధించింది. కోవిడ్ కాలంలో జూదానికి వచ్చేవారు తగ్గగా, ఆన్‌లైన్ మోసాల వ్యాపారం పెరిగింది. 2024 ఆగస్టులో లావోస్ అధికారులు గడువు పెట్టి ఆ కేంద్రాలను ఖాళీ చేయించబూనారు.

నేల ప్రభుత్వానిది, పెట్టుబడి తక్షణ అవసరం, అడిగే పత్రిక లేదు. ఈ మూడు కలిసినచోట 99 ఏళ్ల ఒప్పందం సులభంగా కుదురుతుంది. నదులకు, విద్యుత్ లైన్లకు కూడా ఇదే జరిగింది. పేదరికం ఒక్కటే అయితే బేరమాడే అవకాశం కొంత ఉండేది. బేరం ఏమిటో ప్రజలకు చెప్పనవసరం లేని ప్రభుత్వం కూడా ఉన్నందున ఆ అవకాశం పోయింది.

మన పాఠకులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 'డిజిటల్ సేల్స్', 'కస్టమర్ సపోర్ట్' అంటూ థాయిలాండ్ లేక లావోస్‌కు రమ్మనే ఏజెంటు మాట నమ్మవద్దు. అక్కడ దిగాక ఇచ్చే వీసాతో ఉద్యోగం చేయడానికి అనుమతి లేదని మన విదేశాంగ శాఖ హెచ్చరించింది. ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నదో లేదో చూడండి. సంఘంలో ఎవరి బిడ్డ అయినా ఇలా బయలుదేరుతుంటే పెద్దలు ముందుగానే అడగాలి.

అక్కడి సంఘాలు

ప్రజల్లో అధికులు బౌద్ధులు. కొండ జాతుల్లో పూర్వీకుల ఆత్మలను కొలిచేవారున్నారు. 2015 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 2 శాతం లోపే. దక్షిణాన 1902లో స్విట్జర్లాండ్ మిషనరీలు సేవ ప్రారంభించారు. 2017లో కార్డినల్ అయిన లూయీ మరీ లింగ్ మంఖనెఖున్ ఆ హోదా పొందిన మొదటి లావోస్ దేశస్థుడు, ఖము జాతివాడు. రాజ్యాంగం మత స్వేచ్ఛను ఒప్పుకుంటుంది. 2016లో వచ్చిన 315వ డిక్రీ ప్రకారం మాత్రం మత సంస్థలు రిజిస్టరు చేసుకొని, ముఖ్యమైన ప్రతి పనికీ అనుమతి పొందాలి. పట్టణాల్లో ఆరాధనలు సాఫీగా జరుగుతాయి. మారుమూల ఊళ్లలో విశ్వాసం విడువమని ఒత్తిడి చేసి, కుటుంబాలను ఊరి నుండి వెళ్లగొట్టిన సంఘటనలు ఉన్నాయి. ఊరి పెద్ద మాటే అక్కడ చట్టంగా నడవడం దీనికి ముఖ్య కారణం.

ముందున్న సంవత్సరాలు

అత్యంత వెనుకబడిన దేశాల జాబితా నుండి లావోస్ 2026లో బయటికి రావాలని ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానించింది. తలసరి ఆదాయం, ఆరోగ్యం, చదువు మెరుగైనందుకు అది గుర్తింపు. జాబితాలో ఉన్నందున దొరికే వ్యాపార రాయితీలు మాత్రం క్రమంగా తగ్గుతాయి. అప్పు వాయిదాలు తీర్చవలసిన కాలంలోనే ఈ మార్పు రావడం కష్టమే. వియత్నాంలోని వుంగ్ ఆంగ్ రేవు వరకు మరో రైలు మార్గం వేసి సముద్రాన్ని చేరుకోవాలని ప్రభుత్వం ఆలోచిస్తోంది. ఆ దారి పడితే మంచిదే. దాని ఖర్చు ఎంత, అప్పు ఎవరిది, ఊళ్లు ఎన్ని కదలాలి అన్నవి ముందుగా ప్రజలకు తెలియాలని మేము కోరుతాము.

నామ్ థున్ 2 ఒప్పందంలో 25 ఏళ్ల గడువు ఉంది. అది ముగిశాక ఆనకట్ట లావోస్ ప్రభుత్వం చేతికి వస్తుంది. ఆ రోజుకు ముంపులో ఊరు విడిచినవారి పిల్లలు మధ్య వయస్సులో ఉంటారు. ఆ కరెంటు మీద వచ్చే ఆదాయంలో ఒక బడి, ఒక ఆసుపత్రి, బాంబులు తీసిన ఒక పొలం వారికి దక్కుతుందా అనేదే ఆ దేశం ముందున్న అసలు లెక్క.